దూరదేశంలో అణు ప్రమాదం, విశాఖలో ఆందోళన: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ దేశంలోనైనా అణు విద్యుత్ కేంద్రానికి ప్రమాదం జరిగిందనో, జరగబోతోందనో వార్త వచ్చిన ప్రతిసారీ విశాఖపట్నంలో కొన్ని ప్రశ్నలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. 2011లో ఫుకుషిమా, 2022లో యుద్ధం మధ్య చిక్కుకున్న ఉక్రెయిన్‌లోని జపోరిజియా, 2023లో ఫుకుషిమా నీటి విడుదల, ఇలా సందర్భం మారుతుంది గాని అడిగేవాటిలో పెద్ద తేడా ఉండదు. వాటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. "భయపడనక్కరలేదు" అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా, ఎందుకు అక్కరలేదో, ఎంతవరకు అక్కరలేదో అంకెలతో సహా చెప్పడానికి ప్రయత్నించాము.

జపాన్‌లోనో ఉక్రెయిన్‌లోనో ప్రమాదం జరిగితే ఆ రేడియేషన్ విశాఖ దాకా వస్తుందా?

వస్తుంది, అయితే సున్నితమైన పరికరాలు మాత్రమే పసిగట్టగలిగినంత స్వల్పంగా వస్తుంది. ఈ రెండు మాటలూ కలిపి చెప్పాలి. "అసలు రాదు" అని అధికారులు, "వచ్చేసింది" అని ఫోన్లలో తిరిగే సందేశాలు చెరొక సగం చెప్పడం వల్లనే గందరగోళం పెరుగుతోంది.

ఫుకుషిమా దాయిచి కేంద్రం విశాఖకు సుమారు 6000 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1986లో ప్రమాదం జరిగిన ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్ అణు కేంద్రం కూడా దాదాపు అంతే దూరం, కాకపోతే వాయవ్య దిశలో. 2011 మార్చి 11న భూకంపం, సునామీ వచ్చిన తరువాత ఫుకుషిమాలో మూడు రియాక్టర్ల ఇంధనం కరిగిపోయింది. బయటపడిన రేడియోధార్మిక పదార్థాలలో అధిక భాగాన్ని ఆ అక్షాంశాలలో పడమటి నుంచి తూర్పుకు వీచే గాలులు పసిఫిక్ మహాసముద్రం మీదికి తీసుకుపోయాయి. మిగిలినది చెదిరి పలచబడుతూ సుమారు రెండు వారాలలో ఉత్తరార్ధగోళమంతటా జాడలుగా కనిపించింది.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ పేలుడు జరిగిన సంవత్సరంలో ఆ ప్రమాదం వల్ల ఉత్తరార్ధగోళంలో ఒక్కొక్కరికి అదనంగా అందిన మోతాదు సగటున 0.04 మిల్లీసీవర్టు (శరీరానికి అందిన రేడియేషన్‌కు కొలత, వివరం కింద ఉంది) అని ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం అంచనా వేసింది. ప్రమాద స్థలానికి దగ్గరగా ఉన్నవారికి ఇంతకు ఎన్నో రెట్లు అందింది కాబట్టి, దూరాన ఉన్నవారికి ఈ సగటు కంటే తక్కువే అంది ఉండాలి. నేల నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి మనిషికి సహజంగా ఏటా అందేది ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. అగ్రరాజ్యాలు వాతావరణంలో అణుబాంబులు పేల్చి పరీక్షించిన రోజుల్లో, 1963లో, ప్రపంచ సగటు అదనపు మోతాదు 0.15 మిల్లీసీవర్టుకు చేరింది. అంటే చెర్నోబిల్ ఏడాది కంటే దాదాపు నాలుగు రెట్లు. మన పెద్దల తరం ఆ గాలినే పీల్చింది.

దూరం ఒక్కటే లెక్కకు వస్తుందా? గాలి మాటేమిటి?

ఒక్కొక్కసారి దూరం కంటే గాలి దిశ, వాన ఎక్కువ పని చేస్తాయి. ఫుకుషిమా కేంద్రానికి వాయవ్యంగా 30 కిలోమీటర్లకు పైగా ఉన్న ఇటాటే గ్రామాన్ని మొదట ఖాళీ చేయించిన 20 కిలోమీటర్ల వలయంలో చేర్చలేదు. గాలి అటు మళ్లిన సమయంలోనే వానా మంచూ పడటంతో సీజియం అనే రేడియోధార్మిక పదార్థం అక్కడి నేల మీదికి దిగింది, ఆ తరువాత ఆ ఊరినీ ఖాళీ చేయించవలసి వచ్చింది. కేంద్రానికి అంతకంటే దగ్గరగా ఉండి కూడా తక్కువ కలుషితమైన చోట్లున్నాయి.

విశాఖ విషయానికి వస్తే, జూన్ నుంచి సెప్టెంబరు వరకు మన మీదికి వచ్చే నైరుతి గాలి హిందూ మహాసముద్రం మీదుగా, భూమధ్యరేఖను దాటి వస్తుంది. ఉత్తరార్ధగోళంలో ఎక్కడో జరిగిన ప్రమాదపు ధూళి ఆ గాలిలో ఉండే అవకాశం చాలా తక్కువ. అక్టోబరు తరువాత గాలి ఈశాన్యానికి మారుతుంది కాబట్టి ఆ నెలల్లో జాడలు చేరే వీలు కొంత ఎక్కువ. అయినా వేల కిలోమీటర్ల దారిలో పలచబడి, దారి పొడవునా వానలకు రాలిపోయి, ఆపైన మిగిలినదే ఇక్కడికి చేరాలి.

వానలో తడిస్తే చర్మం కాలుతుందని సందేశం వచ్చింది. నిజమేనా?

కాదు. 2011 మార్చి మధ్యలో ఒక ప్రసిద్ధ విదేశీ వార్తాసంస్థ పేరు పెట్టుకుని ఇటువంటి సందేశమే ఆసియా దేశాలలో తిరిగింది. వాన పడితే ఇంట్లోనే ఉండండి, మెడ మీద బెటాడిన్ పూసుకోండి అన్నది దాని సారాంశం. ఫిలిప్పీన్స్‌లో దానిని నమ్మి తరగతులు రద్దు చేసిన విద్యాసంస్థ కూడా ఉంది, చివరకు అక్కడి ప్రభుత్వ శాస్త్ర విభాగం ఖండించవలసి వచ్చింది. రేడియేషన్ వల్ల చర్మం కాలడానికి కావలసిన మోతాదు ప్రమాద స్థలంలో, రియాక్టరు పక్కన పనిచేసేవారికి అందేటంతటిది. చెర్నోబిల్‌లో తీవ్రమైన రేడియేషన్ జబ్బుకు గురైన 134 మందీ ఆ కేంద్రపు ఉద్యోగులు, మంటలార్పడానికి వెళ్లినవారు, అత్యవసర సిబ్బందే. వారిలో 28 మంది ఆ ఏడాదే మరణించారు. పక్క ఊళ్ల ప్రజలలో కూడా ఆ జబ్బు కనిపించలేదు.

సీవర్టు, బెకరెల్ అంటూ వార్తల్లో పెద్ద పెద్ద అంకెలు చెబుతారు. వాటిని ఎలా అర్థం చేసుకోవాలి?

బెకరెల్ అంటే ఒక పదార్థంలో సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నం కావడం. పరమాణువులు ఎంత చిన్నవో తెలిసినదే కాబట్టి ఈ లెక్కలో అంకెలు ఎప్పుడూ భయంకరంగానే కనబడతాయి. మీ శరీరంలో సహజంగా ఉన్న పొటాషియం-40 ఒక్కటే సుమారు 4000 బెకరెల్‌లు. పత్రికలో "లక్షల కోట్ల బెకరెల్‌లు" అని చదివినప్పుడు, ఎన్ని లీటర్లలో, ఎన్ని కిలోలలో అన్నది పక్కన లేకపోతే ఆ అంకె వల్ల మీకు ఏమీ తెలియదు.

సీవర్టు శరీరానికి జరగగల హానికి కొలత. అది చాలా పెద్ద ప్రమాణం కనుక రోజువారీ వ్యవహారంలో అందులో వెయ్యో వంతైన మిల్లీసీవర్టును, పది లక్షలలో ఒక వంతైన మైక్రోసీవర్టును వాడతారు. ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీస్తే 0.1 మిల్లీసీవర్టు లేదా అంతకంటే తక్కువ అందుతుంది, ఛాతీ సీటీ స్కాన్‌లో సుమారు 7 అందుతుంది. పది గంటల విమాన ప్రయాణంలో 0.03 నుంచి 0.05 వరకు ఉంటుంది. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన ప్రకారం అణు కేంద్రాల వంటివాటి వల్ల సాధారణ ప్రజలకు అదనంగా అందేది ఏటా 1 మిల్లీసీవర్టు దాటకూడదు. రేడియేషన్ మధ్య పనిచేసే ఉద్యోగులకు ఐదేళ్ల సగటున ఏటా 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించరాదు. క్యాన్సర్ ముప్పు పెరుగుదలను జనాభా పరిశీలనలలో స్పష్టంగా గుర్తించగలిగేది సుమారు 100 మిల్లీసీవర్టులు దాటినప్పుడు. అంతకు లోపల ముప్పు సున్నా అని ఎవరూ అనరు, జాగ్రత్త కోసం మోతాదును బట్టి అది కూడా తగ్గుతూ ఉంటుందని భావించి నియమాలు రూపొందిస్తారు.

వార్త చదివేటప్పుడు మైక్రోనా మిల్లీనా, గంటకా ఏడాదికా అన్నవి ముందు చూడండి. ఈ రెండింటినీ తారుమారు చేసిన శీర్షికలు తెలుగు పత్రికల్లోనే కాదు, అన్ని భాషలలోనూ వచ్చాయి.

విశాఖలో ఇప్పటికే రేడియేషన్ ఉందంటారు, నిజమా?

ప్రపంచంలో రేడియేషన్ లేని ఊరు లేదు. రాయిలో, ఇటుకలో యురేనియం, థోరియం సూక్ష్మ పరిమాణంలో ఉంటాయి. మన దగ్గర భీమిలి తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాలతో పాటు మోనజైట్ కూడా ఉంది, మోనజైట్‌లో థోరియం ఉంటుంది. అందుచేత అలల వెంట నల్లగా చారలు కట్టిన ఇసుక మీద మీటరు పెడితే నగరంలోని మేడ మీద చూపిన దానికంటే ఎక్కువ చూపవచ్చు. అది ఏ ప్రమాదం నుంచీ వచ్చినది కాదు. కేరళలో కొల్లం జిల్లా కరునాగపల్లి తీరంలో ఇటువంటి ఇసుక ఇంకా ఎక్కువ. అక్కడ తరతరాలుగా నివసిస్తున్న ప్రజలను ఏళ్ల తరబడి పరిశీలించిన పరిశోధకులకు ఆ సహజ రేడియేషన్ వల్ల క్యాన్సర్ పెరిగిన ఆధారం కనబడలేదు. అందువల్ల భీమిలిలో సాయంత్రం నడకను మానుకోనక్కరలేదు.

ముందుజాగ్రత్తగా అయోడిన్ మాత్రలు వేసుకోవాలా?

వద్దు. ఈ ఒక్క ప్రశ్నకు కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు చేస్తే నష్టం రేడియేషన్ వల్ల కాక మాత్ర వల్ల జరుగుతుంది.

పనిచేస్తున్న రియాక్టరు దెబ్బతింటే బయటికి వచ్చేవాటిలో అయోడిన్-131 ఒకటి. మన మెడలోని థైరాయిడ్ గ్రంథికి మామూలు అయోడిన్‌కూ దీనికీ తేడా తెలియదు, ఏది దొరికితే దానిని పోగుచేసుకుంటుంది. పొటాషియం అయోడైడ్ మాత్రను సరైన సమయంలో ఇస్తే గ్రంథి ముందే నిండిపోయి రేడియోధార్మిక అయోడిన్‌ను తీసుకోదు. పెద్దవారికి ఒక మోతాదు 130 మిల్లీగ్రాములు, రక్షణ సుమారు ఒక రోజు. కలుషితమైన గాలి రావడానికి కాస్త ముందుగానీ, వచ్చిన కొద్ది గంటలలోగానీ వేసుకుంటేనే అది పనిచేస్తుంది. సీజియం నుంచి, స్ట్రాన్షియం నుంచి, బయటి నుంచి పడే కిరణాల నుంచి అది ఏ రక్షణా ఇవ్వదు. 1986లో చెర్నోబిల్‌కు పొరుగున ఉన్న పోలండ్ ప్రభుత్వం కోటి మందికి పైగా పిల్లలకు అయోడిన్ ఇచ్చింది, అక్కడ దానికి అర్థం ఉంది. ఆరు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న మనకు లేదు. అయోడిన్-131 అర్ధాయువు ఎనిమిది రోజులు, అంటే ఎనిమిది రోజులకొకసారి సగమవుతుంది. ఎనభై రోజులకు వెయ్యో వంతు కూడా మిగలదు. జపోరిజియా కేంద్రంలో 2022 సెప్టెంబరులో విద్యుత్ ఉత్పత్తి ఆగిపోయింది. అలా ఆగి నెలలు గడిచిన రియాక్టర్లలో అయోడిన్-131 దాదాపు ఉండనే ఉండదు కాబట్టి, ఆ కేంద్రం గురించి వార్త వచ్చినప్పుడల్లా మాత్రల కోసం మందుల దుకాణానికి వెళ్లడంలో అర్థం లేదు.

పోనీ, ఉప్పు ఎక్కువ తింటే? 2011లో చైనాలో జనం అయోడిన్ ఉప్పు కోసం దుకాణాల మీద పడ్డారు. మన దేశంలో వినియోగదారుని చేతికి వచ్చేసరికి ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. ఒక మాత్రలో ఉండే సుమారు 100 మిల్లీగ్రాముల అయోడిన్ ఉప్పు ద్వారా రావాలంటే ఆరు కిలోలకు పైగా ఒక్కరోజులో తినాలి. అయోడిన్ సంగతి తరువాత, ఆ ఉప్పే ప్రాణం తీస్తుంది. బెటాడిన్ గాయాల మీద పూయడానికి ఉద్దేశించినది. మెడ మీద పూస్తే ఉపయోగం లేదు, తాగితే విషం.

ఇప్పటికే థైరాయిడ్ జబ్బు ఉన్నవారికి, వయసు మళ్లినవారికి, పసిపిల్లలకు అనవసరంగా తీసుకున్న అయోడిన్ గ్రంథి పనిని అస్తవ్యస్తం చేయగలదు. మీరు రోజూ వేసుకునే థైరాక్సిన్ మాత్రకూ దీనికీ సంబంధం లేదు, దానిని డాక్టరు చెప్పినట్లు కొనసాగించండి.

ఫిషింగ్ హార్బరులో కొన్న చేపలు తినవచ్చా? ఫుకుషిమా నీరు సముద్రంలో కలిపారు కదా?

తినవచ్చు. మన వలల్లో పడే వంజరం, చందువ, కానాగంత, నెత్తళ్లు బంగాళాఖాతంలో పెరిగేవి. ఫుకుషిమా ముందున్న ప్రవాహాలు నీటిని తూర్పుగా, ఉత్తర అమెరికా వైపు తీసుకుపోతాయి. ఆ నీటిలో కొంత ఏళ్ల తరబడి తిరిగి తిరిగి ఇండోనేసియా దీవుల సందుల గుండా హిందూ మహాసముద్రంలోకి చేరినా, అప్పటికి అది సముద్రమంతటిలో కలిసిపోయి ఉంటుంది.

మహాసముద్రాన్ని ఈది వచ్చే చేపల సంగతి కూడా శాస్త్రవేత్తలు చూశారు. ప్రమాదం జరిగిన కొన్ని నెలలకే, 2011 ఆగస్టులో, కాలిఫోర్నియా తీరంలో పట్టిన పసిఫిక్ బ్లూఫిన్ ట్యూనాలలో ఫుకుషిమా సీజియం కనిపించింది. సీజియం-134 అర్ధాయువు రెండేళ్లే కనుక పాత బాంబు పరీక్షలది మిగిలి ఉండే వీలు లేదు, అందుచేత అది ఎక్కడిదో ఇట్టే తేలిపోయింది. అయితే ఆ చేపలో ఉన్న సీజియం, అదే చేపలో సహజంగా ఉన్న పొటాషియం-40 రేడియోధార్మికతలో సుమారు ముప్పయ్యో వంతు మాత్రమే. కనుగొనడం వేరు, హాని వేరు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇక 2023 ఆగస్టు 24న మొదలైన నీటి విడుదల. దెబ్బతిన్న రియాక్టర్లను చల్లబరిచిన నీటి నుంచి చాలా పదార్థాలను వడపోస్తారు గాని ట్రిటియంను వేరుచేయలేరు, ఎందుకంటే అది నీటి అణువులోనే భాగమై ఉండే హైడ్రోజన్. దానిని సముద్రపు నీటితో లీటరుకు 1500 బెకరెల్‌లకంటే తక్కువకు పలచన చేసి వదులుతున్నారు. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే విలువ లీటరుకు 10,000 బెకరెల్‌లు. జపాన్ ప్రభుత్వం పొరుగువారిని సంప్రదించిన తీరు మీద, అక్కడి మత్స్యకారుల అభ్యంతరాల మీద న్యాయమైన విమర్శ ఉంది. ఆ విమర్శతో ఏకీభవించేవారు కూడా విశాఖలో చేపలు మానవలసిన అవసరం లేదు. ఇక్కడ పుకారు లేచిన ప్రతిసారీ నష్టపోయేది బుట్ట తలకెత్తుకుని వీధుల్లో అమ్ముకునే మత్స్యకార స్త్రీలు.

పాలు, దిగుమతి చేసుకున్న ఆహారం మాటేమిటి?

చెర్నోబిల్‌లో పిల్లలకు జరిగిన నష్టంలో ఎక్కువ భాగం పాల ద్వారానే జరిగింది. కలుషితమైన గడ్డి మేసిన ఆవుల పాలు ఆపకుండా తాగించడం వల్ల బెలారస్, ఉక్రెయిన్, రష్యాలలో అప్పటి పిల్లల్లో 2005 నాటికి ఆరు వేలకు పైగా థైరాయిడ్ క్యాన్సర్ కేసులు నమోదయ్యాయి, వాటిలో గణనీయమైన భాగానికి ఆ పాలే కారణం. విశాఖలో మన ఇంటికి వచ్చే పాలు ఇక్కడి మేతతో వచ్చినవి. దిగుమతి ఆహారాన్ని రేవులోనే పరీక్షించవలసిన బాధ్యత ప్రభుత్వానిది. జపాన్ 2012 ఏప్రిల్ నుంచి సాధారణ ఆహారంలో సీజియం పరిమితిని కిలోకు 100 బెకరెల్‌లుగా పెట్టుకుంది, అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం సూచించే 1000 కంటే అది ఎంతో కఠినమైనది.

మా కోడలికి నాలుగో నెల. బిడ్డకు లోపం వస్తుందేమోనని ఇంట్లో అందరూ బెంగపడుతున్నారు. ఏం చేయాలి?

ఎప్పటిలాగే తినమనండి, నిద్రపొమ్మనండి, నెలనెలా చూపించే డాక్టరు దగ్గరకు మానకుండా తీసుకువెళ్లండి. గర్భస్థ శిశువుకు 100 మిల్లీగ్రేల లోపు మోతాదు అందినప్పుడు ఆ కారణంతో గర్భం తీయించడం సమర్థనీయం కాదని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం స్పష్టంగా చెప్పింది. ఇటువంటి కిరణాల విషయంలో 100 మిల్లీగ్రేలంటే దాదాపు 100 మిల్లీసీవర్టులే. పైన చెప్పిన 0.04తో పోల్చి చూడండి.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చెర్నోబిల్ ప్రమాదం తరువాత గ్రీస్‌లో ప్రజలకు అందిన అదనపు మోతాదు 1 మిల్లీసీవర్టు కూడా లేదు. అయినా భయంతో, కొందరు డాక్టర్లు కూడా తెలియక ఇచ్చిన సలహాలతో, కోరుకున్న గర్భాలనే సుమారు 2500 దాకా తీయించుకున్నారని 1987లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసింది. దూరాన జరిగిన అణు ప్రమాదం దూరదేశపు ప్రజలకు కలిగించిన నష్టాలలో లెక్కకు అందినంతలో అతి పెద్దది బహుశా ఇదే, అందులో రేడియేషన్ ప్రమేయం లేదు. బంధువులో, ఇరుగుపొరుగో "ఎందుకొచ్చిన గొడవ, ఇప్పుడే తీయించేస్తే పోతుంది" అంటే వారి మాట వినకండి. అనుమానం తీరకపోతే కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్)లోనో, మీరు చూపించుకునే ఆస్పత్రిలోనో స్త్రీల వైద్యురాలితో మాట్లాడండి.

డాక్టరు రాసిన సీటీ స్కాన్ ఇప్పుడు వాయిదా వేయాలా?

వద్దు. అవసరమని రాసిన పరీక్షను వార్తల వల్ల ఆపితే జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది. అవసరం లేకుండా సొంతంగా వెళ్లి ఒంటికంతటికీ స్కాన్ చేయించుకునే అలవాటు మాత్రం మంచిది కాదు, ప్రమాదం జరిగినా జరగకపోయినా. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి వంటి చోట రేడియేషన్‌తో చికిత్స పొందుతున్నవారు ఒక్క పూట కూడా మానకూడదు.

2020లో గ్యాస్ లీకైనప్పుడు పరుగెత్తినవారు బతికారు. రేడియేషన్ విషయంలోనూ అలాగే ఊరు వదిలి వెళ్లాలా?

విశాఖవాసులు ఈ ప్రశ్న అడగడం సహజం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఇళ్లలోకి చొరబడినప్పుడు, గాలికి ఎదురుగా కాక పక్కకు, దూరంగా వెళ్లడమే ప్రాణరక్షణ అయింది. ఆ అనుభవం మన మనసుల్లో బలంగా నాటుకుంది. అయితే రేడియోధార్మిక ధూళి విషయంలో మొదటి సూత్రం తలుపులు, కిటికీలు మూసుకుని పక్కా ఇంట్లో ఉండటం, అధికారులు చెప్పేవరకు బయటికి రాకపోవడం. గోడలు కిరణాలను చాలావరకు అడ్డుకుంటాయి, ధూళి వెళ్లిపోయేదాకా ఆగితే పీల్చేది తగ్గుతుంది. ఇది కూడా ప్రమాదానికి పదుల కిలోమీటర్ల పరిధిలో ఉన్నవారికి. దూరదేశపు ప్రమాదానికి విశాఖలో కిటికీలు మూయవలసిన పని కూడా లేదు.

తొందరపాటు తరలింపు ఎంత ఖరీదైనదో ఫుకుషిమా చూపింది. ఆస్పత్రుల నుంచి, వృద్ధాశ్రమాల నుంచి బస్సుల్లో తరలిస్తుండగా వయోవృద్ధులు మందులు, తిండి అందక చనిపోయారు. ఆ తరువాతి ఏళ్లలో ఇల్లూ వాకిలీ విడిచిన బతుకు వల్ల కుంగి, జబ్బు ముదిరి మరణించినవారితో కలిపి ఫుకుషిమా జిల్లాలో ఇటువంటి మరణాలు రెండు వేలు దాటాయి. రేడియేషన్ వల్ల ప్రజల ఆరోగ్యానికి కలిగిన నష్టం గణాంకాల్లో గుర్తించగలిగినంత లేదని ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం తేల్చింది. తరలింపు అక్కరలేదని దీని అర్థం కాదు, ఏర్పాట్లు లేకుండా చేయకూడదని అర్థం.

మా అబ్బాయి ఆ దేశంలోనే చదువుకుంటున్నాడు. వాడికి ఏం చెప్పాలి? తిరిగి వస్తే మాకు సోకుతుందా?

అక్కడి స్థానిక అధికారులు చెప్పినట్లు నడుచుకోమని, భారత రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకోమని చెప్పండి. ఇంట్లో ఉండమంటే ఉండాలి, మాత్ర ఇస్తే వేసుకోవాలి, కుళాయి నీరు, తాజా పాలు, ఆకుకూరలు వద్దంటే మానాలి. బయట తిరిగి వస్తే పైబట్టలు గుమ్మంలోనే విప్పి సంచిలో కట్టేసి సబ్బుతో స్నానం చేయాలి. ఒంటి మీది ధూళిలో చాలా భాగం బట్టలతోనే పోతుంది. ఇక్కడినుంచి గంటకోసారి ఫోన్ చేసి పుకార్లు వినిపించడం మాత్రం వాడికి సాయం కాదు.

ఇంటికి వచ్చినవాడి దగ్గరనుంచి ఏమీ సోకదు. రేడియేషన్ అంటువ్యాధి కాదు. దీపం వెలుగు మీద పడటం వేరు, దీపంలోని నూనె ఒంటికి అంటుకోవడం వేరు. ఎక్స్‌రే తీయించుకున్నవారు ఆ గదిలోంచి బయటికి రాగానే వెలుగు ఆగిపోయినట్లే, కిరణాలు తగిలిన మనిషిలో అవి నిలిచి ఉండవు. నూనె వంటిది ధూళి, అది కడిగితే పోతుంది. ఒంట్లోకి కొంత పోయి ఉండవచ్చన్న అనుమానం ఉంటే అక్కడే, లేదా వచ్చాక పరీక్ష చేయించవచ్చు. ఫుకుషిమా నుంచి వేరే ఊళ్లకు వెళ్లిన పిల్లలను బడిలో తోటివారు అంటరానివారిలా చూసిన ఉదంతాలు జపాన్‌లో ఎన్నో బయటికి వచ్చాయి. మన వీధిలో అది జరగనివ్వకండి.

ప్రభుత్వాలు నిజం దాచిపెడితే మనకు ఎలా తెలుస్తుంది?

దాచిన చరిత్ర ఉంది, అందుచేత ఈ సందేహాన్ని కొట్టిపారేయలేము. చెర్నోబిల్ సంగతిని సోవియట్ ప్రభుత్వం వెంటనే చెప్పలేదు. 1986 ఏప్రిల్ 28న, సుమారు 1100 కిలోమీటర్ల దూరంలో ఉన్న స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణు కేంద్రంలో ఒక ఉద్యోగి బూట్ల మీది రేడియోధార్మికతకు గంట మోగితే ప్రపంచానికి తెలిసింది. ఆ అనుభవం తరువాతే అదే ఏడాది ప్రమాదాలను వెంటనే తెలియజేయాలన్న అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది, భారతదేశం కూడా అందులో ఉంది.

అప్పటితో పోలిస్తే ఇప్పుడు దాచడం కష్టం. 2017 శరదృతువులో రుథేనియం-106 అనే పదార్థం జాడలు యూరప్ అంతటా గాలిలో కనిపించాయి. ఏ దేశమూ బాధ్యత ఒప్పుకోలేదు, అయినా వేర్వేరు దేశాల ప్రయోగశాలలు తమ కొలతలు కలిపి చూసి అది దక్షిణ ఉరల్ ప్రాంతం నుంచి వచ్చి ఉండాలని నిర్ధారణకు వచ్చాయి. మన దేశంలో భాభా అణు పరిశోధన కేంద్రం నడిపే పర్యావరణ రేడియేషన్ పర్యవేక్షణ వ్యవస్థ దేశమంతటా గాలిలో మోతాదును నిరంతరం కొలుస్తుంది. ఆ కొలతలు తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా, అడగకముందే ప్రకటిస్తే సగం పుకార్లు పుట్టకముందే పోతాయని మా అభిప్రాయం. ఆ పని ఇంకా జరగవలసి ఉంది.

ఆన్‌లైన్‌లో దొరికే రేడియేషన్ మీటరు కొనుక్కోవాలా?

సరదాకైతే కొనుక్కోవచ్చు. చవక మీటరు గంటకు 0.1 మైక్రోసీవర్టు దగ్గర్లో ఊగిసలాడుతుంది, ఏడాదికి లెక్కిస్తే అది సుమారు 0.9 మిల్లీసీవర్టు, మామూలు సంగతే. దూరదేశం నుంచి వచ్చే జాడలు ఆ ఊగిసలాటలోనే కలిసిపోతాయి, అటువంటి మీటరు వాటిని పట్టుకోలేదు. చేప ముక్క మీద, పాల గిన్నె మీద పెట్టి చూడటం వల్ల ఏమీ తెలియదు.

కొవ్వాడలో అణు కేంద్రం వస్తే ఇవే సమాధానాలు వర్తిస్తాయా?

వర్తించవు. ఈ పేజీలోని ధైర్యమంతా వేల కిలోమీటర్ల దూరం మీద ఆధారపడినది. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడలో ఆరు రియాక్టర్ల ప్రతిపాదన ఏళ్లుగా ఉంది, ఆ చోటు విశాఖకు సుమారు 60-70 కిలోమీటర్ల దూరం. మన దేశంలో అణు కేంద్రం చుట్టూ అత్యవసర ప్రణాళికకు సాధారణంగా 16 కిలోమీటర్ల పరిధిని తీసుకుంటారు. ఇటాటే ఉదాహరణను బట్టి గాలి, వాన ఆ వలయాన్ని లెక్కచేయవని తెలుస్తోంది. తూర్పు తీరంలో ఇటువంటి కేంద్రాలు ఎలా తట్టుకుంటాయన్నదానికి ఒక అనుభవం ఉంది. 2004 డిసెంబరు 26 సునామీలో కల్పాక్కం కేంద్రపు పంపుహౌస్‌లోకి సముద్రపు నీరు వచ్చినప్పుడు పనిచేస్తున్న రియాక్టరును సురక్షితంగా ఆపగలిగారు. అయినా 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తరువాత విశాఖ రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేకుండా ఉన్నదీ మనం చూశాము. ఫుకుషిమాలో రియాక్టర్లు కరిగిపోయింది కరెంటు లేక చల్లబరచలేకపోవడం వల్లనే.

కాబట్టి కొవ్వాడ విషయంలో అడగవలసినవి వేరే ఉన్నాయి: బయటి కరెంటు పోతే ఎన్ని రోజులు చల్లబరచగలరు, తుఫానులో రోడ్లు మూసుకుపోతే తీరగ్రామాల ప్రజలను ఎటు తరలిస్తారు, అయోడిన్ మాత్రలు ఎక్కడ నిల్వ ఉంచుతారు, గాలి కొలతలు ఎవరు ప్రకటిస్తారు. భూమి ఇచ్చే మత్స్యకార గ్రామాల వారికి, అనుకూలురకు, వ్యతిరేకులకు కూడా ఇవి అడిగే హక్కుంది. బహిరంగ విచారణ జరిగినప్పుడు వాటిని లిఖితపూర్వకంగా ఇచ్చి, సమాధానం కూడా లిఖితపూర్వకంగానే కోరండి.